కొబ్బరిచిప్పెడు సున్నం

పోయిన వారం కథలో దేవుడమ్మ మనవరాలి స్కూలు బ్యాగు దులుపుతుంటే లెక్కల పుస్తకానికీ టిఫిన్ బాక్సుకీ మధ్యనుంచి ఓ ప్లాస్టిక్ కవరు జారిపడింది. కవరు నిండా మోదుగ పూలు. పాము పడినా ఆవిడ అంత కేక పెట్టేది కాదు. ఇరవై నాలుగేళ్ల కిందట ఇదే హోలీ నాడు, ఇవే మోదుగ పూల నీళ్లు పడి ఆవిడ కొడుకు వెంకటరమణ ఎడమ కన్ను పోయింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో హోలీ అన్న మాటే ఎవరూ ఎత్తరు. "ఎవలిచ్చేరే ఇవి?" అని నిలదీస్తే ఎనిమిదేళ్ల చిట్టితల్లి బిక్కమొహం వేసుకుని "వ్యాన్ అంకుల్" అంది. కొత్తగా వచ్చిన ఆ డ్రైవరు ఎవరని ఆరా తీస్తే కొయ్యూరు మత్స్యరాజని తేలింది. ఆనాడు రంగు నీళ్లలో జెముడు పాలు కలిపి కన్ను పోగొట్టాడని వీధి వీధంతా నమ్మిన కొండ పిల్లాడు! వంటింటి గుమ్మంలో నిలబడి ఆ పేరు విన్న కోడలు సాయిలక్ష్మి చేతిలోంచి గరిటె జారి పడింది. అక్కడ ఆగాం.

తెల్లారింది. హోలీ వచ్చింది. వద్దన్నంత మాత్రాన పండగలు ఆగుతాయా? నర్సీపట్నమంతా పిల్లల కేకలు, బకెట్ల చప్పుళ్లు, ఎవరింట్లోంచో స్పీకరు మోత. దేవుడమ్మ మాత్రం పొద్దున్నే గేటుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, వరండా కటకటాల వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది. మనవరాలిని హోంవర్కు చేసుకోమని మేడ మీదికి తరిమింది. పూల కవరును నిన్ననే పెరట్లో చెత్తకుప్ప మీదికి విసిరేసింది. రంగు చుక్క పడకూడదని కిటికీలన్నీ మూయించింది. లోపల ఉక్కపోసి ప్రాణం పోతోంది. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కూడా వేడిగానే తగులుతోంది.

"పది గంటలకి ఆ స్కూలు కరస్పాండెంటు లోవరాజు బాబుని రమ్మన్నాను. ఆ కొండోడ్ని కూడా ఎంటబెట్టుకుని రమ్మన్నాను. ఇయ్యాళ తేలిపోవాలి," అంది కోడలితో. "నువ్వు కాఫీ కలిపి ఉంచు. నిన్ను కూడా పిలుస్తాను."

"నన్నెందుకత్తా?"

"నువ్వు కాపోతే మరెవలే? ఆ రోజు పక్కనే ఉండి కళ్లారా సూసిందానివి నువ్వే కదేటి!"

సాయిలక్ష్మి మారు మాట్లాడలేదు. మాట్లాడే మనిషే అయితే ఈ కథ ఇన్నేళ్లు సాగేదే కాదు. స్టవ్వు మీద పాలు పెట్టి పొంగు కోసం చూస్తూ నిలబడింది. చూపు పాల మీద ఉంది గానీ మనసు ఎప్పుడో వీధిలోకి పారిపోయింది.

అసలు హోలీ అంటే ఆమెకు ఎంత ప్రాణమో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. చిన్నప్పుడు వాళ్లుండే వీధి చివర హాస్టలు ఉండేది. కొండ మీది పిల్లలు అక్కడుండి చదువుకునేవాళ్లు. వాళ్లలో మత్స్యరాజు ఒకడు. హోలీకి రెండ్రోజుల ముందు వాళ్ల నాన్న చింతపండు బుట్టలు అమ్ముకోవడానికి దిగొచ్చేవాడు. వస్తూ వస్తూ గోనెసంచి నిండా మోదుగ పూలు తెచ్చి సాయిలక్ష్మి తల్లి జోగులమ్మ అరుగు మీద కుమ్మరించేవాడు. అరుగంతా మంట అంటుకున్నట్టుండేది. మత్స్యరాజు వెదురు కోసి చిమ్మనగొట్టాలు చేసేవాడు. వీధిలో ఉన్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒకటి ఇవ్వాల్సిందే. రెండిళ్ల అవతల ఉండే వెంకటరమణకు తడవడమంటే సరదా. గోడ చాటున దాక్కున్నట్టు నటించి, దొరికిపోయి, "పొయ్యండ్రా, పొయ్యండి!" అని చేతులు చాపి నిలబడేవాడు. అప్పుడతనికి రెండు కళ్లూ ఉండేవి. రెంటితోనూ నవ్వేవాడు.

జోగులమ్మ ఆ పూలను పెద్ద డేగిసాలో మరిగించేది. ఊరికే మరిగిస్తే పసుపు రంగే వస్తుంది. చిటికెడు సున్నం పడిందంటే చాలు, కళ్ల ముందే ఎర్రగా తిరుగుతాయి నీళ్లు. ఈ కిటుకు ఆవిడ ఎవరికీ చెప్పేది కాదు. వీధి మొత్తంలో తన కూతురి రంగే మేలుగా ఉండాలని ఆవిడ ముచ్చట. "సిటికెడే ఎయ్యాలే అమ్మా! తేరనిచ్చి, పాత సీర గుడ్డలో వడకట్టాల. నేపోతే ఒళ్లు మండిపోద్ది," అని మాత్రం ప్రతి ఏడూ హెచ్చరించేది.

ఆ ఏడు జోగులమ్మ చెల్లెలి పురిటికని యలమంచిలి వెళ్లింది. తొమ్మిదేళ్ల సాయిలక్ష్మే పూలు నానబోసుకుంది. సరిగ్గా ఆ ఏడే పై వీధి పిల్లలు కొత్త ప్యాకెట్ రంగులు కొనుక్కుని దిగారు. గులాబీ, ఆకుపచ్చ, ఇంకా పేర్లు కూడా తెలియని రంగులు. "మీదేటే, పసుపు నీళ్లా? ఎవలికైనా మంగళస్నానానికి పట్టుకెళ్లండి!" అని పగలబడి నవ్వారు. సాయిలక్ష్మికి ఒళ్లు మండింది. ఏడుపు ఆపుకుంటూ పెరట్లోకి పరిగెత్తింది. ఉగాదికి వెల్ల వెయ్యడానికని తొట్టెలో సున్నం నానబోసి ఉంది. చిటికెడు లేదు, గిటికెడు లేదు. కొబ్బరిచిప్పతో తోడి బకెట్లో పోసింది. ఎంత ఎరుపు తిరిగాయని ఆ నీళ్లు! తేరనివ్వలేదు, వడకట్టలేదు. బకెట్ ఎత్తుకుని వీధిలోకి వచ్చి, "ఇప్పుడు సూడండే!" అని అరిచింది. అందరికంటే ముందు మత్స్యరాజు తన చిమ్మనగొట్టాన్ని ఆ బకెట్లో అడుగుదాకా ముంచి లాగాడు. ఎదురుగా వెంకటరమణ చేతులు చాపి నిలబడి ఉన్నాడు.

ఆ పైన వినిపించిన కేక ఆమెకు ఇప్పటికీ కాఫీ కలుపుతున్నప్పుడు, బట్టలు ఆరేస్తున్నప్పుడు, ఊరికే కూర్చున్నప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

పెద్దలు పరిగెత్తుకొచ్చారు. ఏటి కలిపార్రా అంటే ఏటి కలిపార్రా అన్నారు. కొండోళ్లకే కదా జెముడు పాల సంగతి తెలుస్తాదని గుంపులో ఎవరో అన్నారు. అంతే, అందరి చూపూ మత్స్యరాజు మీదకు తిరిగింది. దేవుడమ్మ కొడుకును ఒళ్లో వేసుకుని ఏడుస్తూ, పక్కనున్న సాయిలక్ష్మిని పట్టి కుదిపేసింది. "సెప్పవే! ఈడే కదా? ఈడే కదా సేసింది?"

సాయిలక్ష్మి తలూపింది.

ఆ సాయంత్రమే మత్స్యరాజు వాళ్ల నాన్న వచ్చి కొడుకు చెయ్యి పట్టుకుని కొయ్యూరు బస్సెక్కించాడు. మళ్లీ ఆ పిల్లాడు నర్సీపట్నంలో బడి మెట్లెక్కలేదు. పద్నాలుగేళ్ల తర్వాత, ఒంటికన్ను అబ్బాయికి పిల్లనెవరిస్తారని దేవుడమ్మ బెంగపడుతుంటే, సాయిలక్ష్మి తనంతట తాను ఒప్పుకుంది. ఊరంతా ముక్కున వేలేసుకుంది. "మా కోడలు దేవత" అని దేవుడమ్మ పదేళ్లుగా నోరు నొప్పెట్టేలా చెబుతూనే ఉంది. ఆ మాట విన్న పూట సాయిలక్ష్మికి అన్నం సహించదు. తిట్టినా బాగుండును, కొట్టినా బాగుండును. దేవత అంటే ఎక్కడికి పారిపోవాలి?

గేటు చప్పుడైంది.

దేవుడమ్మ తాళం తీసి ఇద్దరినీ లోపలికి రానిచ్చి మళ్లీ వేసేసింది. లోవరాజు బొద్దుగా, మెత్తగా ఉండే మనిషి. ఎవరితోనూ పేచీ పెట్టుకోలేడు. ఆయన వెనక ఖాకీ చొక్కాలో, చెవుల దగ్గర జుట్టు నెరిసిన మత్స్యరాజు. లోవరాజుకు కుర్చీ వేసింది దేవుడమ్మ. మత్స్యరాజును వరండా ఎక్కనివ్వలేదు. ఎండలో, కుళాయి దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, నాలుగు నెలల్నుంచి వ్యాన్ నడుపుతున్నాడు. ఒక్క పేరెంటు కూడా వేలెత్తి చూపలేదు," అని లోవరాజు నసుగుతూ మొదలుపెట్టాడు.

"నీకేటి తెలుసు బాబూ! ఉండు, నా కొడుకు ఆస్పత్రి కాయితాలన్నీ దాసేను, తెచ్చి సూపిస్తాను," అంటూ ఆవిడ బీరువా గదిలోకి వెళ్లింది. ఇంతలో లోవరాజు ఫోను మోగింది. హోలీ శుభాకాంక్షలు అందుకుంటూ ఆయన వరండా ఆ చివరికి నడిచాడు. వెంకటరమణ ఇంకా స్నానాల గదిలోంచి రాలేదు. కాఫీ గ్లాసు పట్టుకుని సాయిలక్ష్మి కుళాయి దగ్గరికి వెళ్లింది. కాఫీ సగం గ్లాసులో, సగం వేళ్ల మీద ఉంది.

"తీసుకో."

"వద్దు మేడమ్."

"నన్ను మేడమ్ అనకు మత్స్యరాజూ."

"మరేటనాలి? పేరెంట్లని అలగే పిలవమన్నారు." అతను గ్లాసు అందుకోలేదు. "మీ పాప పూలడిగింది. మా అమ్మ సిన్నప్పుడు మోదుగ పూలతో ఆడీదంట, అమ్మమ్మ సెప్పిందీ అంది. సరేలే అని తెచ్చేను. నీ కూతురని నాకు తెల్దు. తెలిస్తే తేకపోదును."

"నాదే తప్పు," అంది ఆమె. ఏ తప్పో చెప్పలేదు.

మత్స్యరాజు మొదటిసారి తలెత్తి ఆమెను చూశాడు. "నాకు తెలుసు. ఆ రోజు నాను మీ పెరటి గోడెక్కి కూకున్నాను, సాయీ. కొబ్బరిసిప్ప నీ సేతిలో సూసేను. సున్నమైతే ఏటవుద్దిలే, రంగు బాగుంటాదనుకున్నాను. నాకూ తెల్దు అప్పుడు."

సాయిలక్ష్మి గ్లాసును కుళాయి పక్కన పెట్టేసింది. ఈ ఒక్క విషయం తనకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదని ఇరవై నాలుగేళ్లుగా నమ్ముకుని బతుకుతోంది.

"మరి... చెప్పలేదేం?"

"సెప్పకేటి? హాస్టల్లో సెప్పేను, మా అయ్యకి సెప్పేను. ఆ పిల్లే నువ్వని తలూపింది కదరా అన్నారు. ఆ పైన ఏటి సెప్తాను?" గొంతులో కోపం లేదు, అదే ఆమెను మరీ చంపింది. "నువ్వు తలూపినప్పుడు నాను నీ మొకమే సూస్తన్నాను. ఒక్కసారి నా కేసి సూస్తావేమోనని."

లోపల బీరువా తలుపు కిర్రుమంది.

"నా సదువు ఆరో క్లాసుతో పోనాది, పోనీ. నా కూతురు గుంట ఇక్కడే ఏడు సదువుతున్నాది. బండి పోతే దాన్నీ కొండెక్కించీడమే. అదొక్కటే నా బెంగ. నిన్నేటీ అడగను," అని అతను తల తిప్పేసుకున్నాడు.

దేవుడమ్మ అట్ట ఫైలుతో వచ్చింది. వెనకే వెంకటరమణ వచ్చాడు. తల తుడుచుకున్న తువ్వాలు భుజం మీద ఉంది. బయటి మనుషుల ముందు నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటాడు, ఇప్పుడూ పెట్టుకున్నాడు. జీడిపిక్కల షెడ్డులో నలభై మంది చేత పని చేయించే మనిషి ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. మెట్ల మీద నిలబడి మత్స్యరాజును చాలాసేపు చూశాడు.

"బాగున్నావా?" అన్నాడు.

మత్స్యరాజు తలాడించాడు.

"నాకు నీ మీద కోపం లేదురా. చిన్నప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. ఒక్కటే అడుగుతాను. ఎందుకు చేశావు? మనిద్దరం ఒక్కనాడూ దెబ్బలాడుకోలేదు కదా! పిచ్చుకలు పట్టడానికి కూడా కలిసే వెళ్లేవాళ్లం. నేను నీకేం చేశానని? కన్ను పోయినందుకు కంటే ఇది తెలియకే నేను ఎక్కువ ఏడ్చాను."

మత్స్యరాజు నోరు తెరవలేదు. సాయిలక్ష్మి వైపు చూడనైనా చూడలేదు. చూసి ఉంటే ఆమెకు కాస్త ఊపిరి ఆడేదేమో.

"నోరు పెగల్దేటి!" అంది దేవుడమ్మ. "పెగల్దు. సేసినోడికి ఏటి పెగుల్తాది? మళ్లీ అయ్యే పూలు నా మనవరాలి సంచిలో ఎట్టేడు. ఓలమ్మో, దాని కన్ను కూడా కావాలొచ్చిందా నీకు?"

లోవరాజు నుదురు తుడుచుకున్నాడు. "అమ్మా, మీరు బాధలో ఉన్నారు. నేను కాదనను. కానీ ఒకడి పొట్ట కొట్టేముందు నాకూ మనస్సాక్షి ఉంటుంది కదా! ఆ రోజు చూసినావిడ ఇక్కడే ఉన్నారు. సాయిలక్ష్మిగారు అవునంటే ఈ నిమిషమే వ్యాన్ తాళాలు తీసేసుకుంటాను. ఇంక ఈ చుట్టుపక్కల ఏ స్కూలూ ఇతన్ని పెట్టుకోదు. ఆవిడ కాదంటే మాత్రం నన్ను ఇబ్బంది పెట్టకండి."

"అడుగు బాబూ, అడుగు! మా కోడలు దేవత, అబద్ధమాడదు." దేవుడమ్మ వచ్చి సాయిలక్ష్మి భుజం మీద చెయ్యి వేసింది. ఆనాడు కుదిపిన చెయ్యే. "సెప్పమ్మా. ఈడే కదా? మాట రాపోతే తలూపినా సాలు."

అందరూ ఆమెనే చూస్తున్నారు. అత్త, భర్త, లోవరాజు. ఎదురుగా తాళం వేసిన గేటు. గేటుకు అవతల ఎవరి పిల్లలో రంగులో మునిగి పరిగెడుతున్నారు. సాయిలక్ష్మి మెడ కొయ్యబారిపోయింది. తలూపితే ఆ ఖాకీ చొక్కా బతుకూ, ఎక్కడో ఏడో క్లాసు చదువుతున్న ఆ ఆడపిల్ల చదువూ అయిపోతాయి. తల అడ్డంగా ఊపితే, మరెవరని అడుగుతారు. ఆ ప్రశ్న తర్వాత తనకు ఈ ఇల్లు ఉండదు. భర్త ఉండడు. చిట్టితల్లి కూడా ఉంటుందో ఉండదో! కక్కలేక మింగలేక, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడిపోయింది.

"ఏటే మాటాడవు? బేగి సెప్పు!"

అప్పుడు ఇంటి పక్క సందులోంచి బకెట్ ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

హోంవర్కు చేస్తోందనుకున్న చిట్టితల్లి! వెనక మెట్ల మీంచి పెరట్లోకి దిగి, చెత్తకుప్ప మీది పూలు ఏరుకుని, స్నానానికి కాగిన వేడినీళ్లలో నానేసింది. పెరటి గోడకు ఉగాది వెల్ల కోసం తెచ్చి తొట్టెలో కలిపిన సున్నం అక్కడే ఉంది. గౌను ముందంతా తడిసిపోయి, మొహం వెలిగిపోతూ, మగ్గు నిండా నీళ్లు ముంచుకుని మెట్ల దగ్గరికి వచ్చేసింది.

"నాన్నా! హ్యాపీ హోలీ!"

వెంకటరమణ ఉలిక్కిపడి తిరిగాడు. కూతుర్ని చూడగానే అన్నీ మర్చిపోయినట్టున్నాడు. చిన్నప్పటిలాగే చేతులు రెండూ చాపాడు.

సాయిలక్ష్మి చూసింది మగ్గులోని రంగును. వట్టి పూలకు ఆ ఎరుపు ఏడు జన్మలెత్తినా రాదు.

"ఒద్దే! సున్నం! అందులో సున్నం ఉంది!"

ఆ కేక తనదేనని ఆమెకే తెలియలేదు. ఎలా దూకిందో తెలియదు. మగ్గు ఎగిరి గేటు దగ్గర పడింది. బకెట్ ఒరిగిపోయింది. తుడిచి ఆరబెట్టిన గచ్చు మీద ఎర్రటి నీళ్లు పరుచుకున్నాయి. నీళ్లు జారిపోయాక బకెట్ అడుగున తెల్లటి ముద్దలు మిగిలాయి.

చిట్టితల్లి బావురుమంది. "అమ్మమ్మే ఫోన్లో చెప్పింది! సున్నం వేస్తేనే ఎర్రగా అవుతాయంది. నువ్వు కూడా చిన్నప్పుడు అలాగే వేసేదానివంట కదా!"

ఎవరూ కదల్లేదు. మత్స్యరాజొక్కడే కదిలాడు. గబగబా వచ్చి, ఆ నీళ్లలో నిలబడిన పిల్లను ఎత్తుకుని కుళాయి కింద కూర్చోబెట్టి చేతులూ కాళ్లూ కడగడం మొదలుపెట్టాడు. తను వరండా ఎక్కనివ్వని మనిషి చేతుల్లోంచి మనవరాలిని లాక్కోవాలని కూడా దేవుడమ్మకు తోచలేదు.

"సున్నమేటి? పూలలో సున్నమేస్తారేటి?" అని ఆవిడ తనలో తాను గొణుక్కుంది.

వెంకటరమణ నెమ్మదిగా గొంతుక్కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసేశాడు. గచ్చు మీది రంగును వేలితో అద్దుకుని, వెలుతురులో పెట్టి చూశాడు. రెండు వేళ్ల మధ్య నలిపాడు.

"రెండు కళ్లతో నేను ఆఖర్న చూసిన రంగు ఇదే," అన్నాడు. "ఎన్నిసార్లో చెప్పాను అమ్మకి, అంత ఎరుపు ఎప్పుడూ చూడలేదని. ఎవరూ పట్టించుకోలేదు." తర్వాత తలెత్తాడు. మత్స్యరాజు వైపు కాదు, భార్య వైపు. "సున్నమని నీకు చూడగానే ఎలా తెలిసింది సాయీ?"

ఇరవై నాలుగేళ్ల కిందట కిందికి ఊగిన తల ఇప్పుడు పైకి లేచింది.

"నేనే," అంది సాయిలక్ష్మి. "కొబ్బరిచిప్పతో నేనే పోశాను. మత్స్యరాజుకి ఏ పాపం తెలియదు. పై వీధి వాళ్ల కంటే నా రంగు బాగుండాలని పోశాను. నీ కన్ను పోతుందని తెలియదు, నిజంగా తెలియదు. కానీ అత్త అడిగినప్పుడు తలూపానే, అది తెలిసే ఊపాను. భయమేసి ఊపాను. ఇన్నేళ్లూ ఆ భయంతోనే నీ పక్కన బతికాను."

దేవుడమ్మ చేతిలోని ఫైలు జారింది. ఆస్పత్రి కాగితాలు ఎర్ర నీళ్లలో తడుస్తుంటే వాటిని తియ్యడానికి కూడా వంగకుండా మెట్టు మీద కూలబడిపోయింది. "ఓలమ్మో... దేవతనుకున్నానే..." అనగలిగింది అంతే. లోవరాజు ఎటు చూడాలో తెలియక మళ్లీ ఫోను తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. కుళాయి నీళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి.

వెంకటరమణ లేచాడు. అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. అతని మొహంలో ఏముందో సాయిలక్ష్మికి అందలేదు. పదేళ్లుగా ఆ మొహాన్ని చదువుకున్న మనిషికి ఒక్క అక్షరం అందలేదు. అతను తల్లి దగ్గరికి నడిచి చెయ్యి చాపాడు.

"అమ్మా, గేటు తాళంచెవి ఇలా ఇయ్యి."

"ఎవల్ని పంపడానికిరా?" అంది దేవుడమ్మ భయంగా.

అతను చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ గేటు తీసేది మత్స్యరాజును సాగనంపడానికో, తనను వెళ్లగొట్టడానికో తెలియక, ఎర్రగా తడిసిన కుచ్చెళ్లతో సాయిలక్ష్మి అక్కడే నిలబడిపోయింది. దేవుడమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టింది.